యూ జాయింట్లు మార్చాక జీపు వణుకుతోంది

ప్రశ్న: అనంతపురంలో మా ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకు వెనుక షాఫ్టు (ఇంజను శక్తిని వెనుక చక్రాల వైపు చేరవేసే తిరిగే గొట్టం) యూ జాయింట్లు (దాని చివర్ల ఉండే, వంగే కీళ్లు) మార్పించిన తరువాత, కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై వేగం 60 దాటగానే బండి అంతా అదురుతున్నది. చక్రాల బ్యాలెన్సింగ్ సరిగానే ఉంది. లోపం ఎక్కడ వెతకాలి?

జవాబు: షాఫ్టును గుర్తు పెట్టకుండా విప్పి బిగించారేమో చూడండి. కోణంలో తిరిగే యూ జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగాన్ని హెచ్చించి తగ్గిస్తుంది. షాఫ్టు రెండు చివర్ల యోకులు (జాయింటును పట్టి ఉంచే కవ ముక్కలు) ఒకే వరుసలో ఉంటేనే రెండవ జాయింటు ఆ తేడాను సరిచేస్తుంది. స్లిప్ యోకు (షాఫ్టు పళ్ల మీద ముందుకు వెనక్కి జారే యోకు) ఒక్క పన్ను పక్కకు జరిగినా ఆ వరుస చెడుతుంది.

మరో జవాబు: నిజమే. అయితే కమాను కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) కూడా మార్పించి ఉంటే షాఫ్టు కోణాలనే ముందు కొలిపించండి. తారురోడ్డుపై మాత్రం ఫోర్ వీల్ వేసి పరీక్షించకండి.

అడిగినవారు: యోకు పక్కకే ఉన్నదండీ. సరిచేయించాక వణుకు చాలావరకు పోయింది, 80 దాటితే మాత్రం కొద్దిగా తెలుస్తున్నది.

జవాబు: అయితే షాఫ్టును లేతు పనివారి వద్ద బ్యాలెన్సు చేయించండి.