కంప్యూటరులో తప్పు లేదు, కాగితం మీద అన్నీ తప్పులే: కారణం ఏమిటి?

ప్రశ్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. నోట్సు, ప్రాజెక్టులు అన్నీ కంప్యూటరులోనే చేస్తుంది. అందులో వెతికినా తప్పు దొరకదు. మొన్న అదే వ్యాసాన్ని కాగితం మీద రాయమంటే ‘బాధ’ను ‘భాద’ అనీ, ‘అర్థం’ను ‘అర్ధం’ అనీ రాసింది. రెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు గీత దాటిపోయాయి, చెయ్యి నొప్పి అంటూ కలం పక్కన పెట్టేసింది. ఇది కంప్యూటరు వల్లేనా, లేక నేనే ఎక్కువగా కంగారు పడుతున్నానా?

మొదటి సమాధానం:
మీ కంగారు సబబేనండి. ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ‘భాద’ అని రాసేవారు కంప్యూటర్లు రాకముందూ ఉన్నారు కనుక నేరమంతా యంత్రం మీద మోపలేను. మారింది మరొకటి. పలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెర మీద నాలుగైదు తెలుగు మాటలు వస్తాయి, పిల్లలు అందులో ఒకదాన్ని ఎంచుకుంటారు. చూసి గుర్తుపట్టడం వేరు, ఎదురుగా ఏమీ లేనప్పుడు గుర్తు తెచ్చుకుని రాయడం వేరు. ఈ రెండోదానికి సాధన తగ్గితే ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో, ఎక్కడ వత్తు పెట్టాలో మనసులో నిలవదు. ఉచ్చారణను బట్టి టైపు చేయడం అలవాటయ్యాక, చదవగలిగిన అక్షరాన్నే చేత్తో రాయలేకపోవడం చైనాలో చదువుకున్నవారిలోనూ కనిపిస్తోంది. పైగా ‘అర్ధం’ అంటే సగం, అదీ సరైన మాటే కాబట్టి తప్పులు పట్టే సాఫ్ట్‌వేరు దాని కింద ఎర్రగీత గీయదు.

రెండో సమాధానం:
చేతిరాతను విడిగా చూడాలి. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల చేత అక్షరాలు రాయించి, టైపు చేయించి, తరువాత మెదడు స్కానింగు చేశారు. చదువుకు తోడ్పడే భాగాలు చేత్తో రాసిన అక్షరాలను చూసినప్పుడే చురుగ్గా పనిచేశాయి. మీ అమ్మాయి ఆ వయసు దాటింది, ఆమెకు కావలసింది వేగమూ ఓపికా మాత్రమే. నొప్పి తరచూ వస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించండి, రాతే కష్టమని తేలితే అలాంటి పిల్లలకు కీబోర్డు నిజంగా పెద్ద ఆసరా.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కంప్యూటరు మాన్పించవద్దు. రోజూ ఐదు వాక్యాలు ఉక్తలేఖనం చెప్పండి, తప్పు రాసిన మాటను తనచేతనే నిఘంటువులో వెతికించండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ రాత్రే మొదలుపెట్టాను. ‘విద్యార్థి’ దగ్గర కలం ఆపి, రెండుసార్లు పెదవుల్లోనే పలుక్కుని, సరిగ్గానే రాసింది.