బొబ్బిలి వీణ దాకా బాగానే నడిచింది, నకలు దగ్గర పాఠం ఆగిపోతోంది

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి 40 నిమిషాల పాఠం: మెదడుని కొంచెం కొంచెంగా యంత్రంగా మార్చేస్తే చివరికి మిగిలేది ఆ మనిషేనా? మెదడులోని 8,600 కోట్ల న్యూరాన్లంటే (నాడీకణాలు) ఊహకి అందదు, అందుకని బొబ్బిలి వీణ తీసుకున్నాను. 7 తీగలు, 24 మెట్లు, మెట్ల కింద మైనం. ఒక్కోటీ మారుస్తూ పోతే "అదే వీణ" అంటున్నారు. చెక్క దగ్గర మాత్రం ఒప్పుకోరు. ఏకాండి వీణ కదా, కుండ, దండి ఒకే పనస దుంగలోంచి చెక్కినవి. (ఈ అడ్డంకి నాకు నచ్చింది. మెదడులో పనస దుంగ ఏది మరి?)

25వ నిమిషం దగ్గర అసలు చిక్కు. మెదడుని స్కాన్ చేసి ఆ నకలుని యంత్రంలో నడిపించారనుకుందాం, పాత మనిషీ బతికే ఉన్నాడు. జ్ఞాపకాలే మనిషైతే ఇద్దరూ ఒక్కరే కావాలి. మర్నాటికే ఇద్దరి జ్ఞాపకాలూ వేరైపోతాయి, అప్పుడు?

పోలికకి జెరాక్స్ అన్నాను, ఒరిజినలే గొప్పదని తేల్చేశారు. కవలలకి ఒకే మనిషిగా గడిపిన గతం లేదు. అరటి పిలకకి తల్లిచెట్టు గుర్తుండదు. ఫోన్ బ్యాకప్ అంటే, ఫోన్‌కి "నేను" ఎక్కడిదని ఎదురడిగారు.

ఒకే గతంతో రెండుగా చీలి, ఏది అసలో తేల్చలేని వస్తువు గానీ సంగతి గానీ మన ఊళ్లలో ఏముంది?