రెండో కాన్పు ఇంట్లోనే: ఇంగ్లండ్‌లో ఎవరైనా చేయించుకున్నారా?

రెడింగ్‌లో ఉంటున్నాం, ఎనిమిదో నెల. మొదటిది ఇక్కడి ఆసుపత్రిలోనే, ఏ ఇబ్బందీ లేని మామూలు కాన్పు. ఈసారి ఇంట్లోనే కనొచ్చు అంటోంది మా మిడ్‌వైఫ్ (ఇక్కడ కాన్పులు చేసే, శిక్షణ పొందిన ఆవిడ). నొప్పులు మొదలయ్యాక ఫోన్ చేస్తే వస్తారట, బిడ్డ పుట్టే వేళకు ఇద్దరు మిడ్‌వైఫ్‌లుంటారట, గ్యాస్ అండ్ ఎయిర్ (నొప్పి తగ్గడానికి పీల్చే గ్యాస్) వాళ్లే తెస్తారట. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తుమందు) మాత్రం కుదరదు.

ఇంగ్లండ్‌లో ఇంట్లో, ఆసుపత్రిలో కాన్పులను పోల్చి చూసిన, 2011లో వచ్చిన బర్త్‌ప్లేస్ అధ్యయనం చదివాను. ఆరోగ్యంగా ఉండి రెండోసారి కనేవాళ్లకు ఇంట్లో అయినా బిడ్డకు ముప్పు పెరిగినట్టు కనబడలేదు. కానీ నూటికి పన్నెండు మందిని నొప్పుల మధ్యలోనో, కాన్పు అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. నా బెంగంతా ఆ పన్నెండు మంది గురించే. అలా అంబులెన్స్‌లో వెళ్లినవాళ్లు ఇక్కడున్నారా? ఎంతసేపు పట్టింది? పెద్దపిల్లను ఎవరికి అప్పజెప్పారు?

మాది లిఫ్ట్ లేని రెండో అంతస్తు. గాలి ఊదే బర్త్ పూల్ (నీళ్లలో కూర్చుని కనడానికి వాడే తొట్టి) అద్దెకు తెచ్చుకుంటే నేల ఆ నీళ్ల బరువు ఆపుతుందా, ఓనర్‌ను అడగాలా?

ఖమ్మం నుంచి అమ్మ వస్తోంది. "మంత్రసానుల కాలం పోయిందనుకుంటే సీమకెళ్లి మళ్లీ అదేనా" అని ఒకటే గోల. మీ అమ్మనో అత్తగారినో ఎలా ఒప్పించారో కూడా చెప్పండి. హిమోగ్లోబిన్, బీపీ బాగానే ఉన్నాయి, వాటి మీద సలహాలు వద్దు.