ఫేక్ న్యూస్ పాఠం: బడిలో పిల్లలకా, ఇంట్లో పెద్దలకా?

నల్గొండ సార్: తొమ్మిదో తరగతికి వారానికో పీరియడ్ వాట్సాప్ వార్తల మీద పెడదామని నేనంటే, తోటి టీచర్లు సిలబస్సే కావట్లేదంటున్నారు. కేరళలో కన్నూర్ జిల్లా సర్కారు బడుల్లో 2018లోనే ఇలాంటి క్లాసులు చెప్పారు. మనకెందుకు వద్దు?

పాలమూరు పిల్లోడు: పీరియడ్ పెడితే పరీక్ష పెడతరు సార్. "ఫేక్ న్యూస్ అనగానేమి? 5 మార్కులు." బట్టీ కొట్టి, సాయంత్రం అదే చేత్తో ఫార్వర్డ్ కొడతం.

గద్వాల వాసి: 2018 ఎండాకాలం గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వీడియోలు తిరిగాయి. ఆరుబయట మంచాలేసుకునే జనం ఉక్కపోతలో తలుపులేసుకుని పడుకున్నారు. ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక వీడియో అయితే కరాచీలో అవగాహన కోసం తీసిందట! చివర్లో పిల్లాడిని తిరిగి దింపి బోర్డు చూపించే ముక్క కోసేసి పంపారు. ఇక్కడ అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి చెప్పించారు. భయపడ్డది పెద్దలు, పంపింది పెద్దలు. పిల్లలకు క్లాసు పెడితే ఏం లాభం?

నల్గొండ సార్: పిల్లలే ఇంటికెళ్లి చెప్తారు కదండీ.

దేవరకొండ అమ్మ: చెప్పింది మా పాప. తాత పంపిన వరద ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి, ఇది పాతది తాతా అంది, అదీ చుట్టాల ముందు. మామయ్య రెండు రోజులు దానితో మాట్లాడలేదు, కోపమంతా నా మీద. ఫోటో పాతదని కనిపెట్టడానికి నిమిషం పట్టింది. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా ఆ మాట ఎట్లా చెప్పాలో ఏ పుస్తకంలో ఉంది సార్? ఇప్పుడు "తాతా, ఇది నీకెవరు పంపారు?" అని మాత్రం అడుగుతోంది. ఆయనే కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదువుతున్నాడు.

గద్వాల వాసి: ఆ ప్రశ్న బాగుందమ్మా. మా ఇంట్లోనూ వాడతా.

నల్గొండ సార్: సరే, పీరియడ్ అడగను. పొద్దున ప్రేయర్‌లో పేపర్ వార్తలు చదివిస్తాం కదా. రోజూ ఒక వార్త తీసుకుని, ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఫోటో ఎక్కడిది అని అడుగుతా.

పాలమూరు పిల్లోడు: పేపర్‌లో వచ్చిన దాన్ని కూడా అడగనిస్తారా సార్?

నల్గొండ సార్: నేను అడగనిస్తా. హెడ్మాస్టర్ సంగతే చూడాలి.