అమ్మను అన్నయ్య తన టాక్స్ రిటర్న్‌లో వేసేసుకున్నాడు, నాది రిజెక్ట్ అయింది

ఎడిసన్_చిన్నోడు:
అమ్మకు గ్రీన్ కార్డ్ ఉంది. 2023 దాకా డాలస్‌లో అన్నయ్య దగ్గర, 2024 జనవరి నుంచి మా ఇంట్లో. మందులు, ఇన్సూరెన్స్, తిండి అన్నీ నావే. నిన్న అమ్మను డిపెండెంట్‌గా (నేను పోషిస్తున్న మనిషిగా) చూపి 2024 అమెరికా టాక్స్ రిటర్న్ ఈ-ఫైల్ చేస్తే గంటలో రిజెక్ట్. అమ్మ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఇంకో రిటర్న్‌లో ఉందట. అన్నయ్య తప్ప ఇంకెవరు? అతను నొచ్చుకోకుండా ఎలా సరిచేయాలి? పేపర్ మీదే పంపాలా?

పప్పుచారు:
500 డాలర్ల క్రెడిట్ (పన్ను తగ్గింపు) కోసమా ఇదంతా? మా ఆయనా మా మరిదీ ఇలాంటి దానికే 2 సంక్రాంతులు ఫోన్లు కూడా చేసుకోలేదు. వదిలెయ్యండి.

ఫ్రిస్కో_బావ:
వదిలెయ్యడమేంటండీ! మా మామగారిని మా బావమరిది వేసుకుంటే నేను కాగితాలు ప్రింట్ తీసి పోస్ట్‌లో పంపా. కొన్ని నెలలకు ఇద్దరికీ ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఉత్తరం వచ్చింది, తప్పు వేసినవాళ్లు 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో దిద్దుకోండి అని. దిద్దుకున్నాడు, వడ్డీ కూడా కట్టాడు. ఆ రోజు మా ఇంట్లో బిర్యానీ.

టాక్స్_తాత:
18 సీజన్లుగా మనవాళ్ల రిటర్న్‌లు చూస్తున్నాను. పేపర్ అక్కర్లేదు. 2025 సీజన్ నుంచి, మీకు 6 అంకెల ఐపీ పిన్ (రిటర్న్ వేసేది మీరేనని చూపే ఐఆర్ఎస్ రహస్య నంబర్) ఉంటే డిపెండెంట్‌ను ముందే ఎవరు వేసుకున్నా ఈ-ఫైల్ తీసుకుంటారు. ఐఆర్ఎస్ సైట్‌లో అకౌంట్ తెరిచి తీసుకోండి. సరే గానీ, అమ్మగారికి ఇండియాలో ఆదాయం ఏమైనా ఉందా?

ఎడిసన్_చిన్నోడు:
విజయవాడ ఇంటి అద్దె, నెలకు 36 వేలు. దానికి అక్కడే పన్ను కడుతుంది కదా?

టాక్స్_తాత:
కొంప మునిగింది. గ్రీన్ కార్డ్ ఉంటే ఎక్కడి ఆదాయమైనా లెక్కే. డిపెండెంట్‌గా వేసుకోవాలంటే ఆ ఆదాయం 2024కి 5,050 డాలర్ల లోపు ఉండాలి. ఏడాది అద్దె 4,32,000 రూపాయలను డాలర్‌కు 84 చొప్పున భాగించండి, 5,142. మీరూ వేసుకోకూడదు, మీ అన్నయ్యా వేసుకోకూడదు.

గోంగూర77:
మెయింటెనెన్స్, ఇంటి పన్ను తీసేస్తే 5,050 లోపే వస్తుంది. లెక్క పూర్తిగా చేయండి తాతగారూ.

టాక్స్_తాత:
ఈ లెక్కలో ఖర్చులు తీయకూడదు, వచ్చిన అద్దె మొత్తం చూపాలి. ఐఆర్ఎస్ వాళ్ల పబ్లికేషన్ 501 చదవండి.

గోంగూర77:
మా సీపీఏ (అకౌంటెంట్) తీసేస్తాడు. 4 ఏళ్లుగా ఒక్క ఉత్తరం రాలేదు.

టాక్స్_తాత:
మా మనవడూ కాపీ కొట్టి దొరకలేదు. లెక్కలు వచ్చినట్టా?

గోంగూర77:
మనవడి సంగతి సరే, మీకు లైసెన్స్ ఉందా? అది చెప్పండి ముందు.

కొత్తకోడలు_ఆస్టిన్:
మా అత్తగారు విజిటర్ వీసా మీద 5 నెలలు ఉన్నారు, ఆవిడను వేసుకోవచ్చా?

ఫ్రిస్కో_బావ:
తాతగారికి లైసెన్స్ ఉన్నా లేకపోయినా పిన్ సంగతి నిజం. ఇంకా నయం, నేను స్టాంపులకు 12 డాలర్లు తగలేశా.

ఎడిసన్_చిన్నోడు:
అన్నయ్యకు ఫోన్ చేశా. "నేనేం చేశాన్రా, సాఫ్ట్‌వేర్ పాత పేర్లన్నీ ఎత్తుకొచ్చింది, చూడకుండా నొక్కేశా" అన్నాడు. 1040-ఎక్స్ వేస్తాడట. వదిన మాత్రం లైన్‌లోకి రాలేదు. ఇక అద్దె సంగతి. పాత వాళ్లు మే నెలాఖరున ఖాళీ చేశారట, ఆషాఢం కదా, ఆగస్టు దాకా ఎవరూ దిగలేదట. అంటే 10 నెలలే. 3,60,000, దాదాపు 4,286 డాలర్లు!

పప్పుచారు:
ఆషాఢం ఇన్నాళ్లకు ఒకరికి మేలు చేసింది.

టాక్స్_తాత:
ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ ఎంత?

ఎడిసన్_చిన్నోడు:
అమ్మ పడుకుంది. రేపు అడుగుతా.