బాడుగ ఇల్లు చూసుకునే మనిషి మీద నమ్మకం పోయింది. తీసేయాలా, ఉంచుకోవాలా?

బెంగళూరు ఓనరు:
అనంతపురం సాయినగర్‌లో నాన్న కట్టించిన ఇల్లు మాది. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. నేను బెంగళూరులో ఉంటా కాబట్టి మూడేళ్లుగా ఒకాయన చూసుకుంటున్నాడు. బాడుగలో పది శాతం ఆయనకు. కొత్తవాళ్లు దిగితే ఒక నెల బాడుగ అదనం.

ఈ ఏడాది మోటారు మూడుసార్లు కాలిందన్నాడు. ప్రతిసారీ రీవైండింగ్‌కు 3,500. బిల్లులు వాట్సాప్‌లో పంపాడు. తెల్లకాగితాలు, మూడింటి మీదా ఒకే చేతిరాత, షాపు పేరు లేదు. పైన ఒక పోర్షన్ రెండు నెలలుగా ఖాళీ అంటున్నాడు. మొన్న ఎందుకో అనుమానమొచ్చి సర్వీస్ నంబరు కొట్టి కరెంటు బిల్లు చూశా. ఖాళీ ఇంట్లో 164 యూనిట్లు కాలాయి! అడిగితే "మీటరు తేడా సార్" అన్నాడు.

మా ఆవిడ వెంటనే తీసేయమంటోంది. అమ్మ వద్దంటోంది. నాన్న పోయినప్పుడు కర్మ అయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండి అన్నీ చూసుకున్న మనిషి అని ఆమె బాధ. మీరైతే ఏం చేస్తారు?

కడప అన్న:
164 యూనిట్లు చూశాక కూడా అడుగుతున్నారా? తీసేయండి.

టవర్‌క్లాక్ మామ:
తీసేసి ఎవర్ని పెడతాడు అబ్బీ? ఇక్కడ ఆఫీసులు పెట్టుకుని ఇళ్లు చూసేవాళ్లు వీధికొకరు లేరు. కొత్తవాడు వచ్చి ఏ వాల్వు ఎక్కడుందో తెలుసుకునేసరికి ఆరు నెలలు పడుతుంది. ముందు మనిషిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి.

రామ్‌నగర్ అక్క:
నేను బాడుగకు ఉండేదాన్ని. మా వైపు నుంచి కూడా వినండి. బాత్రూం కుళాయి నాలుగు నెలలుగా కారుతోంది. కింద బకెట్ పెట్టి ఆ నీళ్లతోనే చెట్లకు పోస్తున్నా. మేనేజరు "ఓనరు ఒప్పుకోలేదమ్మా" అంటాడు. హైదరాబాదులో ఉన్న ఓనరుకు ఫోన్ చేస్తే "నాకెవరూ చెప్పలేదే" అంటాడు. ముగ్గురం ఒక వాట్సాప్ గ్రూపులో ఉంటే ఈ బాధ ఉండేది కాదు. అన్నా, మీరు ఎప్పుడైనా మీ ఇంట్లో ఉండేవాళ్లకు నేరుగా ఫోన్ చేశారా?

బెంగళూరు ఓనరు:
లేదక్కా. నిజం చెప్పాలంటే వాళ్ల నంబర్లు కూడా నా దగ్గర లేవు.

పదిళ్ల మేనేజర్:
నేను చేసేది ఇదే పని. 5,000 బాడుగలో పది శాతం అంటే 500. ట్యాంకు పొంగుతోందని రాత్రి పదకొండుకు ఫోనొస్తే బండేసుకుని పోయేది మేమే. మోటారు సంగతంటారా, ఎండాకాలం బోరులో నీళ్లు దిగిపోతే ఖాళీగా తిరిగి కాలిపోతుంది. నీళ్లు లేకపోతే దానంతటదే ఆగిపోయే స్టార్టరు పెట్టిద్దామంటే ఓనర్లు ఖర్చంటారు. ఇన్ని చెప్పాక కూడా, ఒకే చేతిరాతతో మూడు బిల్లులంటే నేనూ ఒప్పుకోను.

కడప అన్న:
అందుకే బాడుగ నేరుగా ఓనరు ఖాతాకు పడాలి. మేనేజరు చేతికి డబ్బు రాకూడదు.

పదిళ్ల మేనేజర్:
సరే, మరి పదో తేదీ దాటినా కట్టని వాళ్ల తలుపు ఎవరు కొట్టాలి? వసూలు మా పని కాదంటే మేమెందుకు పోతాం?

కడప అన్న:
పడిన బాడుగ మీదే కమిషన్ ఇస్తే మీరే పోతారు.

కర్నూలు వకీలు:
ఇది 1872 కాంట్రాక్ట్ చట్టం కిందికి వచ్చే విషయం. ఆయన మీ ఏజెంటు. అడిగితే లెక్క చూపించాలి, అది 213వ సెక్షన్. మీ తరఫున వసూలు చేసింది మీకు కట్టాలి, అది 218. తీసేయడం కష్టం కాదు. తీసేసిన సంగతి ఇంట్లో ఉండేవాళ్లకు చెప్పకపోతేనే చిక్కు. 208 ప్రకారం వాళ్లకు తెలిసేదాకా రద్దు వాళ్లకు వర్తించదు. అంటే వచ్చే నెల బాడుగ ఆయన చేతికే ఇచ్చినా వాళ్లను తప్పు పట్టలేరు. మీ తరఫున పనులు చేసే అధికారం ఆయనకు రాసిచ్చిన రిజిస్టరైన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించండి. 11 నెలల అగ్రిమెంట్లలో ఓనరుగా ఎవరి పేరుందో కూడా ఒకసారి చూసుకోండి.

టవర్‌క్లాక్ మామ:
నోటీసు అంటే మనిషి శత్రువైపోతాడు వకీలుగారూ. ఇది బెంగళూరు కాదు, రేపు మళ్లీ అదే వీధిలో ఎదురుపడాలి.

కడప అన్న:
మామా, ఎదురుపడటానికి సిగ్గుపడాల్సింది ఎవరు?

బెంగళూరు ఓనరు:
ఆదివారం చెప్పకుండా పోయొచ్చా. పైన "ఖాళీ" పోర్షన్ ముందు నాలుగు జతల చెప్పులు. లోపల డీఎస్సీకి చదువుకునే పిల్లలు. తలా 1,500, నెలనెలా క్యాష్, రసీదు లేదు. వాళ్లలో ఒకడు నన్నే "ఎవరు కావాలన్నా?" అని అడిగాడు.

పిల్లలను ఖాళీ చేయించలేదు. పరీక్ష అయ్యేదాకా ఉండమన్నా. అందరి నంబర్లూ తీసుకున్నా, ఇకనుంచి బాడుగ నాకే వేయమని అందరికీ రాసిచ్చా. ఆయనకు 15 రోజుల్లో లెక్కలు పంపమని మెసేజ్ పెట్టా. అమ్మకింకా చెప్పలేదు.

టవర్‌క్లాక్ మామ:
మరి మోటారు?

బెంగళూరు ఓనరు:
కింద పోర్షన్ వాళ్లను అడిగా మామా. రెండుసార్లు నిజంగానే కాలిందట. రెండోసారి రాత్రంతా మెకానిక్ పక్కనే నిలబడి ఆయనే బాగు చేయించాడట. మూడో బిల్లే ఎక్కడిదో తెలియట్లేదు.