అన్నయ్య రిమాండ్‌లో ఉన్నాడు, వ్యాన్ అమ్మేయాలా?

చిన్నోడు:
మా అన్నయ్య ఎలక్ట్రీషియన్, సొంత పని. ఒక కేసులో రిమాండ్‌లో ఉన్నాడు. కేసు వివరాలు రాయను, దయచేసి అడగొద్దు. ఇంట్లో వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ. అందరికీ అన్నయ్య సంపాదనే ఆధారం. వ్యాన్ మీద లోన్ ఉంది, దానికి హామీ సంతకం నేనే పెట్టాను. లాయరు గారు ముందు కొంత కట్టమంటున్నారు. మామయ్యలేమో "వ్యాన్, మిషన్లు అమ్మేయండి, లోపలున్నవాడికి వాటితో ఏం పని" అంటున్నారు. అన్నయ్య ఖాతాలో కొంత డబ్బుంది గానీ అందులో వదిన పేరు లేదు. ఫోన్ పోలీసులు తీసుకున్నారు కాబట్టి ఓటీపీ చూసే దారి లేదు. ఇవి చాలవన్నట్టు ఎవరెవరో ఇంటికొచ్చి "మీ అన్న నాకు బాకీ" అంటున్నారు. ముందు దేన్ని పట్టుకోవాలి?

ములాఖత్ క్యూ:
తమ్ముడూ, మా ఆయన కొన్నేళ్లు లోపలున్నారు, అందుకని చెప్తున్నా. వ్యాన్ ఇప్పుడే అమ్మకండి. అవసరంలో ఉన్నారని తెలిస్తే ఎవడూ సరైన ధర ఇవ్వడు. వచ్చింది లాయరు మొదటి వాయిదాకే సరిపోతుంది. రేపు బెయిల్ మీద వచ్చాక మీ అన్న ఏం చేస్తాడు? కేసు ఉన్నవాణ్ణి పనిలో పెట్టుకోడానికి జంకుతారు. సొంత పనిముట్లు ఉంటే ఇంకొకరి గుమ్మం ఎక్కక్కర్లేదు. మావాళ్లూ ఇలాగే మా ఆయన కుట్టుమిషన్లు అమ్మేయమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇల్లు గడుస్తోంది వాటి మీదే.

సంపాదన ఆగిపోతుందని అందరికీ తెలుసు. లోపలి ఖర్చు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. సబ్బు, క్యాంటీన్, ఫోన్ కాల్స్, ములాఖత్‌కి వెళ్లిన రోజు పోయే కూలి. నెలకి ఇంతే పంపగలనని మా ఆయనకి ముందే చెప్పేశాను. కోపం వచ్చింది. రానివ్వండి, పిల్లల ఫీజు కట్టాల్సింది నేనే కదా.

లాయరు ఫీజు బెయిల్‌కి ఎంత, విచారణకి ఎంత అని విడివిడిగా రాయించుకోండి, ప్రతిసారీ రసీదు తీసుకోండి. భరించలేకపోతే కోర్టు తరఫున ఉచిత లాయరు దొరుకుతారేమో అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు. బాకీ అంటూ వచ్చేవాళ్లని కాగితం చూపించమనండి. "అన్నయ్యని అడిగి చెప్తాం" అంటే సగం మంది మళ్లీ కనబడరు.

లోన్ డెస్క్:
నేను అప్పుల వసూలు విభాగంలో పనిచేస్తాను. ముందు అన్నయ్య నంబరుకి రీచార్జ్ చేయించండి. ఫోన్ పోలీసుల దగ్గరున్నా సరే. చాలాకాలం రీచార్జ్ లేకపోతే నంబరు రద్దయి వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఓటీపీ రాక ఖాతా వాడుకోవడం పెద్ద తలనొప్పి.

ఖాతా సంగతికొస్తే, పిన్ దొరికినా మీరు వాడకండి. ఖైదీ కూడా పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చేసే అధికారపత్రం, ఇవ్వొచ్చు. లాయరుతో రాయించి, జైలు అధికారి ఎదుట సంతకం చేయించి ధృవీకరణ తీసుకోవాలి. ఖాతా, వ్యాన్, ఇన్సూరెన్స్ వరకే అధికారం రాయించండి, ఆస్తంతా కాదు. కేసు వల్లే ఖాతాని ఫ్రీజ్ చేసి ఉంటే ఈ కాగితం పనిచేయదు, కోర్టునే అడగాలి.

లోన్ విషయంలో మీరు కాస్త భయపడాల్సిందే. అన్నయ్య కట్టకపోతే మిగిలినదంతా హామీదారుణ్ణి అడిగే హక్కు చాలాచోట్ల అప్పిచ్చినవాళ్లకి ఉంటుంది. కిస్తీ తప్పకముందే వెళ్లి, ఆదాయం ఆగిందని రాతపూర్వకంగా చెప్పి గడువు అడగండి. ముందే వచ్చినవాళ్లతో మేమూ మాట్లాడగలం. మూడు కిస్తీలు ఎగ్గొట్టాక వస్తే మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

పాత పేపర్లు:
ఇది ఒక్క ఇంటి గోడు కాదు. అమెరికాలో 2015లో ఎల్లా బేకర్ సెంటర్, మరికొన్ని సంస్థలు కలిసి ఖైదీల కుటుంబాల్ని సర్వే చేస్తే, కాల్స్, ములాఖత్‌ల ఖర్చుకే మూడింట ఒక కుటుంబం అప్పులపాలైందని తేలింది. కోర్టు ఖర్చులు ప్రధానంగా మోసిన కుటుంబసభ్యుల్లో 83 శాతం ఆడవాళ్లే. బ్రెజిల్‌లో మాత్రం సామాజిక బీమాకి చందా కట్టిన తక్కువ ఆదాయపు కార్మికుడు జైలుకెళ్తే, అర్హత ఉన్నంతకాలం అతని మీద ఆధారపడినవాళ్లకి నెలనెలా భృతి ఇస్తారు.

ములాఖత్ క్యూ:
83 శాతం అంటే నాకేం ఆశ్చర్యంగా లేదు. తమ్ముడూ, మీ పోస్టులో మామయ్యలు ఏమన్నారో ఉంది, వదిన ఏమందో లేదు. ఆవిడని అడిగారా?

చిన్నోడు:
నిజమే అక్కా, ఈ రాత్రి కూర్చుని మాట్లాడాం. అన్నయ్యకి పని డబ్బులు ఇవ్వాల్సినవాళ్ల పేర్లన్నీ వదిన దగ్గర ఒక నోటుబుక్కులో ఉన్నాయి. అవి వసూలైతే లాయరు మొదటి వాయిదా కట్టొచ్చు. వ్యాన్ అమ్మడానికి వదిన ఒప్పుకోవట్లేదు. అన్నయ్యతో పనిచేసే కుర్రాడు అద్దెకి తిప్పుతానంటున్నాడు, ఇవ్వొచ్చా?

లోన్ డెస్క్:
ఇచ్చేముందు రెండు చూసుకోండి. లోన్ ఒప్పందంలో అద్దెకి ఇవ్వకూడదని ఉందేమో, ఇన్సూరెన్స్ ఆ కుర్రాడు నడిపినా వర్తిస్తుందో లేదో. రెండూ సరే అయితే అద్దె నేరుగా వదిన ఖాతాలో పడేలా రాసుకోండి.